లేటెస్ట్ డ్రాయింగ్ ఏది?



ఎవరి జ్ఞాపకార్థం ఈ రోజు కలుసుకున్నామో ఆయన నీటిపారుదల శాఖ ఇంజినీరు. ఆఫీసు బల్లల మీదికి కంప్యూటర్లు వచ్చేసరికి ఆయన రిటైరైపోయారు. అలాంటి మనిషిని తలుచుకునే సభలో నిర్మాణరంగంలో డిజిటల్ సమాచారాన్ని ఉమ్మడిగా వాడుకోవడం గురించి మాట్లాడటమేమిటని కొందరికి తోచవచ్చు. కావాలనే ఎంచుకున్నాను. ఇవాళ కంపెనీలు లక్షలు పోసి సాఫ్ట్‌వేరుతో పాటు కొనుక్కుంటున్న క్రమశిక్షణలో సగం ఆయన తరంవాళ్ల చేతిలోని ఎం-బుక్కులో ఉండేది. ఆ సగం పోగొట్టుకున్నాక మిగతా సగాన్ని కొనుక్కుంటున్నామని నా అభిప్రాయం.

ఎం-బుక్ చూడని పిల్లలు ఈ హాల్లో ఉంటారు కనుక రెండు మాటలు. మెజర్‌మెంట్ బుక్ అంటే ప్రభుత్వ పనుల్లో జరిగిన పని కొలతలన్నీ రాసే పుస్తకం. కాంట్రాక్టరు బిల్లు దాన్నిబట్టే తయారవుతుంది. ప్రతి పేజీకీ అచ్చు నంబరు ఉంటుంది, పేజీ చింపడానికి వీల్లేదు. కొలత తీసిన చోటే సిరాతో రాయాలి. తప్పు పడితే చెరపకూడదు. అడ్డంగా కొట్టేసి, సరైన అంకె వేసి, పక్కన సంతకం, తేదీ పెట్టాలి. అంటే తప్పు కూడా రికార్డులో ఉండిపోతుంది. కింది ఇంజినీరు రాసినదాన్ని పై ఇంజినీరు వెళ్లి మళ్లీ కొలిచి చూడాలి. ఇదంతా అందరూ పాటించారా అంటే, ఎం-బుక్ రాయడానికి లంచం పుచ్చుకుంటూ ఏసీబీకి దొరికినవాళ్ల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. మనుషులు జారినా నియమం మాత్రం గట్టిది. ఏ అంకె ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, ఎవరు సరిచూశారో ఆ పేజీ మీదే కనబడాలి.

ఇప్పుడు ఒక మామూలు అపార్ట్‌మెంటు సైటుకు వెళ్దాం. ఆర్కిటెక్టు ప్లాను ఈమెయిల్లో పంపుతాడు. స్ట్రక్చరల్ ఇంజినీరు ఒక కాలమ్ సైజు మార్చి, పీడీఎఫ్ తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ప్లంబింగ్ కాంట్రాక్టరు ఆ గ్రూపులో ఉండడు. మేస్త్రీ చేతిలోని ప్రింటు నెల కిందటిది, మడతల దగ్గర అంకెలు చెరిగిపోయి ఉంటాయి. సైట్ ఇంజినీరు ఫోన్లో ‘ఫైనల్’, ‘ఫైనల్-2’, ‘ఫైనల్ రివైజ్డ్’ అని మూడు ఫైళ్లు. స్లాబ్ పోయడానికి ముందురోజు సాయంత్రం “సార్, లేటెస్ట్ డ్రాయింగ్ ఏది?” అని ఎవరో ఒకరు అడుగుతారు. తోచిన జవాబు ఎవరో ఒకరు చెబుతారు. స్లాబ్ పడ్డాక గానీ బాత్రూము దగ్గర స్లీవు వదల్లేదని తెలియదు. అప్పుడు కోర్ కటింగ్ మిషను వస్తుంది. పైపు దారి కోసం కాంక్రీటుతో పాటు ఒక్కోసారి కమ్మీ కూడా తెగుతుంది. ఆ తెగిన కమ్మీ సంగతి ఏ కాగితంలోనూ ఉండదు.

ఈ ప్రశ్నకు జవాబు తప్పితే ఏం జరుగుతుందో అమెరికాలోని కాన్సస్ సిటీ చూసింది. అక్కడి హయత్ రీజెన్సీ హోటల్ లాబీలో, గాలిలో వేలాడే నడకదారులు ఉండేవి. నాలుగో అంతస్తు నడకదారికి సరిగ్గా కింద రెండో అంతస్తుది. పైకప్పు నుంచి దిగిన ఉక్కు కడ్డీలు వాటిని మోసేవి. మొదటి డిజైను ప్రకారం ఒకే పొడవాటి కడ్డీ పైకప్పు నుంచి నాలుగో అంతస్తు దూలంలోంచి దూరి రెండో అంతస్తు దాకా రావాలి. అంత పొడవునా కడ్డీకి మర తిప్పడం, దాన్ని దెబ్బతినకుండా ఎత్తడం కష్టమని ఉక్కు పని చేసే సంస్థ ఒక మార్పు చేసింది. ఒక కడ్డీ బదులు రెండు. పైకప్పు నుంచి నాలుగో అంతస్తుకు ఒకటి, నాలుగో అంతస్తు దూలం నుంచి రెండో అంతస్తుకు మరొకటి. కాగితం మీద చూస్తే అది చిన్న సర్దుబాటే. బలాల లెక్కలో చూస్తే, నాలుగో అంతస్తు దూలం కింది నట్టు అంతకుముందు ఒక నడకదారి బరువు మోసేది, ఇప్పుడు రెండింటి బరువూ దాని మీదే పడింది. 1981 జులై 17 సాయంత్రం లాబీ నిండా జనం నృత్య కార్యక్రమం చూస్తుండగా రెండు నడకదారులూ కూలాయి. 114 మంది చనిపోయారు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ పరిశోధించి, మొదటి డిజైను కూడా నగర నియమావళి కోరిన బలంలో 60 శాతమే మోయగలదని తేల్చింది. మార్చిన డిజైను దాని సొంత బరువుకే అంతంతమాత్రం.

విద్యార్థులకు ఈ కేసును బలాల లెక్కగా చెబుతారు. నాకు అది ప్రధానంగా సమాచారం లెక్క. తాము పంపినవి ప్రాథమిక స్కెచ్‌లేనని ఇంజినీర్లు అన్నారు. ఉక్కు సంస్థ వాటిని తుది డ్రాయింగులుగా తీసుకుంది. మార్పు గురించి ఫోన్లో చెప్పామని ఒక పక్షం, చెప్పలేదని మరో పక్షం. షాప్ డ్రాయింగుల మీద ఇంజినీరింగ్ సంస్థ ఆమోద ముద్ర మాత్రం ఉంది. ముద్ర వేసినవాళ్లు ఆ అతుకును లెక్కకట్టి చూడలేదు. చివరికి బాధ్యులైన ఇంజినీర్ల లైసెన్సులు రద్దయ్యాయి. ఆ కాగితాలన్నీ అందరి దగ్గరా ఉన్నాయన్నది గమనించండి. ఏ కాగితం ఏ దశలో ఉందో, దేన్ని నమ్మి ఉక్కు కోయవచ్చో అన్న ఒక్క సంగతి మాత్రం ఎక్కడా లేదు.

కంప్యూటరు వచ్చి దీన్ని సరిచేసిందా? మొదట్లో లేదు. 1982లో వచ్చిన ఆటోక్యాడ్ డ్రాయింగ్ బోర్డును తెర మీదికి తెచ్చింది, అంతే. గీత గీతగానే ఉండిపోయింది. ఒక కాలమ్‌ను ప్లానులో ఒకసారి, సెక్షన్‌లో ఒకసారి, ఎలివేషన్‌లో ఒకసారి విడివిడిగా గీయాల్సిందే. ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోవడం బోర్డు మీద ఎంత సులువో తెర మీదా అంతే సులువు. చిత్రమేమిటంటే అసలు ఆలోచన అప్పటికే పుట్టి ఉంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న చక్ ఈస్ట్‌మన్ 1975లోనే డ్రాయింగుల బదులు కట్టడాన్నే కంప్యూటరులో వర్ణించి పెట్టాలని రాశాడు. గోడ అంటే రెండు గీతలు కాదు. దాని మందం, పదార్థం, పక్కగోడతో సంబంధం అన్నీ తెలిసిన ఒక వస్తువు. మార్పు ఒక్కచోట చేస్తే, దాని నుంచి తీసే డ్రాయింగులన్నీ మారాలి. దీన్నే ఇవాళ బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, పొట్టిగా బిమ్ అంటున్నాం. అది చిన్న కంప్యూటర్ల మీదికి రావడానికి బుడాపెస్ట్‌లో పుట్టిన ఆర్కిక్యాడ్, తర్వాత 2000లో వచ్చిన రెవిట్ దోహదం చేశాయి. ఆ చరిత్ర పుస్తకాల్లో ఉంది, వదిలేస్తాను.

బిమ్ అనగానే మనవాళ్లకు రంగురంగుల త్రీడీ బొమ్మ గుర్తొస్తుంది. బ్రోచరుకు పనికొస్తుందని బిల్డర్లకూ ఇష్టం. బొమ్మ దాంట్లో చివరి విషయం. ఆ మోడల్‌ను ఎవరు ఎవరికి, ఏ హోదాలో ఇస్తున్నారన్నది అసలు విషయం. బ్రిటన్‌వాళ్లు 2007లో బీఎస్ 1192 అనే ప్రమాణంలో దీనికి పద్ధతి రాశారు. 2018లో అది పెరిగి ఐఎస్ఓ 19650గా అంతర్జాతీయ ప్రమాణమైంది. ప్రాజెక్టు సమాచారమంతా ఒకే ఉమ్మడి చోట ఉండాలి. అక్కడ ప్రతి ఫైలూ నాలుగు దశల్లో ఏదో ఒకదానిలో ఉండాలి. తయారవుతున్నది మొదటి దశ, అది చేసేవాళ్లకే కనబడుతుంది. సరిచూసి ఇతర బృందాలకు పంచినది రెండోది. దాన్ని చూసి తమ పని సర్దుకోవచ్చు గానీ దాన్నిబట్టి కట్టకూడదు. యజమాని పక్షం ఆమోదించి జారీ చేసినది మూడోది. భద్రపరచినది నాలుగోది, మారిన పాతవన్నీ తేదీలతో అక్కడ ఉంటాయి, ఏదీ చెరిగిపోదు. ఒక దశ నుంచి మరో దశకు ఫైలు దానంతటది వెళ్లదు. ఒక మనిషి చూసి, తన పేరు పెట్టి పంపాలి.

మన సైట్లలో ‘జీఎఫ్‌సీ’ ముద్ర ఉంది కదా, గుడ్ ఫర్ కన్‌స్ట్రక్షన్. అది సరిగ్గా ఆ మూడో దశే. మొదటి రెండు దశల కాగితాలు కూడా అదే వాట్సాప్ గ్రూపులో తిరగడంతోనే ఆ ముద్ర విలువ పోయింది. కాన్సస్ సిటీలో లోపించింది కూడా రెండో దశకూ మూడో దశకూ మధ్య ఉండాల్సిన తలుపే.

ఉమ్మడి అనే మాటను అపార్థం చేసుకునేవాళ్లు రెండు రకాలు. అందరూ ఒకే ఫైలులో చేతులు పెట్టడమని కొందరనుకుంటారు. అది సమష్టి కుటుంబపు వంటింట్లో ఎవరికి వారు కూరలో ఉప్పు వేయడం లాంటిది. ఆర్కిటెక్టు మోడల్‌ను ఆర్కిటెక్టే మారుస్తాడు, స్ట్రక్చరల్ మోడల్‌ను స్ట్రక్చరల్ ఇంజినీరే మారుస్తాడు. వాటిని ఒకదాని మీద ఒకటి పరిచి, ఏసీ డక్ట్ వచ్చి బీమును ఎక్కడ ఢీకొంటోందో చూసి, ఎవరు సర్దుకోవాలో మాట్లాడుకుంటారు. రెండో రకంవాళ్లు ఉమ్మడి అంటే అందరికీ అన్నీ తెరిచి పెట్టడమనుకుని భయపడతారు. బ్యాంకు స్ట్రాంగ్‌రూము గోడ వివరాలు పెయింటరుకు అక్కర్లేదు. ఐఎస్ఓ 19650లో భద్రతకే ఒక భాగాన్ని 2020లో వేరుగా ఇచ్చారు.

సమాచారం పంచుకున్నా అర్థం పంచుకోకపోతే ఏమవుతుందో రైన్ నది మీది లౌఫెన్‌బర్గ్ వంతెన చెబుతుంది. ఒక ఒడ్డు జర్మనీ, రెండో ఒడ్డు స్విట్జర్లాండ్. ఎత్తులు కొలవడానికి జర్మనీ ఉత్తర సముద్ర మట్టాన్ని, స్విట్జర్లాండ్ మధ్యధరా సముద్ర మట్టాన్ని ఆధారంగా తీసుకుంటాయి. రెండింటికీ తేడా 27 సెంటీమీటర్లు. ఇది దాచిన రహస్యమేమీ కాదు, ఇరుపక్షాలకూ తెలుసు. దిద్దుబాటు కూడా చేశారు. కాకపోతే కలపాల్సినచోట తీసేశారు. 2003లో చూసుకునేసరికి తేడా సున్నా కావడానికి బదులు 54 సెంటీమీటర్లయింది. వంతెన పూర్తయ్యేలోపే దొరికింది కనుక సర్దుకోగలిగారు. సైటు బెంచ్‌మార్కు దేన్నిబట్టి తీసుకున్నారో మొదటి రోజే రాసి, రెండో మనిషి చేత సంతకం పెట్టించుకోవాలని నేను చాదస్తంగా పోరడానికి ఈ వంతెన ఒక కారణం.

ఇక బ్రిటన్. 2011లో అక్కడి ప్రభుత్వం తన నిర్మాణ వ్యూహాన్ని ప్రకటించి, 2016 నాటికి కేంద్ర ప్రభుత్వ పనులన్నిటికీ బిమ్ ఉండాలంది. చెప్పిన ముఖ్య కారణం ఖర్చు. నిర్మాణ వ్యయాన్ని 20 శాతం దాకా తగ్గించుకోవాలని లక్ష్యం. ఆ గడువు 2016 ఏప్రిల్‌లో వచ్చింది. పశ్చిమ లండన్‌లో 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌కు కొత్త హంగులు దిద్దే పని పూర్తయిందీ అదే ఏడాది. అది స్థానిక సంస్థ ఆస్తి, కనుక ఆ నిబంధన దానికి వర్తించలేదు. బయటి గోడలకు వేసిన తొడుగు పలకల మధ్య పాలిథిలీన్ ఉంది. 2017 జూన్ 14 తెల్లవారుజామున ఒక ఫ్లాటులో పుట్టిన మంట ఆ తొడుగు పట్టుకుని పైదాకా పాకింది. 72 మంది చనిపోయారు. మంటలార్పడానికి వచ్చిన సిబ్బంది దగ్గర ఆ భవనం లోపలి ప్లాన్లు లేవు. విచారణలో సలహాదారు, కాంట్రాక్టరు, తయారీదారు ఒకరి మీదికి ఒకరు తోసుకున్నారు. ఏ పలకను ఎవరు ఎంచారు, ఎవరు సరిచూశారు అన్నది కట్టలకొద్దీ ఈమెయిళ్లలోంచి ఏళ్ల తరబడి ఏరుకోవాల్సి వచ్చింది.

ఆ ప్రమాదం తర్వాత భవన నిబంధనలను సమీక్షించిన డేమ్ జుడిత్ హ్యాకిట్ 2018లో ఇచ్చిన నివేదికలో, ఎత్తయిన నివాస భవనాలకు డిజైను నుంచి నివాసం దాకా తెగని ‘బంగారు దారం’ లాంటి డిజిటల్ రికార్డు ఉండాలన్నారు. 2022 భవన భద్రతా చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. కనీసం 18 మీటర్ల ఎత్తు లేదా కనీసం 7 అంతస్తులు ఉన్న నివాస భవనానికి ఆ రికార్డును నిలబెట్టుకునే బాధ్యత పేరుతో సహా ఒకరి మీద ఉంటుంది. డబ్బు మిగులుతుందని మొదలుపెట్టిన పద్ధతిని ప్రాణాల కోసం చట్టం చేయాల్సి వచ్చింది. వాణిజ్య లాభాన్ని చూపించి బిమ్ అమ్మేవాళ్లకు నేనెప్పుడూ ఇదే చెబుతాను: లాభం కాంట్రాక్టుతో అయిపోతుంది, రికార్డు అవసరం మాత్రం అప్పుడే మొదలవుతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ 2004లో వేసిన అంచనా కూడా ఇటే చూపుతోంది. సాఫ్ట్‌వేర్లు, సంస్థలు ఒకదాని సమాచారం మరొకటి అందుకోలేకపోవడం వల్ల అక్కడి పెద్ద కట్టడాల రంగానికి ఏటా 1,580 కోట్ల డాలర్ల నష్టమని అది లెక్కకట్టింది. అందులో మూడింట రెండు వంతులు పడ్డది డిజైనర్ల మీదా కాంట్రాక్టర్ల మీదా కాదు, కట్టడాన్ని సొంతం చేసుకుని నడిపేవాళ్ల మీద.

మన ఊరికి వస్తే పరిస్థితి కాస్త విచిత్రం. హైదరాబాద్‌లో అమెరికా, బ్రిటన్, గల్ఫ్ ప్రాజెక్టులకు మోడళ్లు, కమ్మీల వివరాలు, ఉక్కు షాప్ డ్రాయింగులు తయారుచేసే ఆఫీసులు చాలా ఉన్నాయి. మన పిల్లలు పగలంతా ఐఎస్ఓ 19650 ప్రకారం ఫైలు పేర్లు పెట్టి, రివిజన్ నంబరు తప్పితే మాటపడి, రాత్రి ఇంటికెళ్లి పడుకునే భవనానికి కట్టినది కట్టినట్టు చూపే ఒక్క డ్రాయింగు కూడా ఉండదు. తెలివి కొరతని దీన్ని అనలేం. అడిగేవాడు లేడు, అంతే.

ప్రభుత్వం ఏమీ చేయలేదని కాదు. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్‌లో అనుమతులు ఆన్‌లైన్లోనే ఇచ్చారు, చిన్న ఇళ్లకు స్వయం ధ్రువీకరణ చాలన్నారు. మంచి మార్పు. అయితే ఆ డిజిటల్ దారం అనుమతి పత్రం దగ్గర తెగిపోతుంది. ప్లానులో ఉన్నది ఒకటి, నేల మీద లేచింది మరొకటి. బీపీఎస్, బీఆర్ఎస్ అంటూ క్రమబద్ధీకరణ పథకాలు మళ్లీ మళ్లీ పెట్టాల్సి రావడమే దానికి సాక్ష్యం. పెద్ద పనుల్లోనూ ఇదే జబ్బు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగినప్పుడు పరిశీలనకు వచ్చిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ కమిటీ, అడిగిన వివరాల్లో కొన్ని తనకు అందలేదని నివేదికలో రాసింది. రాజకీయం పక్కన పెట్టండి. అంత పెద్ద కట్టడం గురించి అడిగితే అడిగిన పూట ఒకచోటి నుంచి తీసి ఇవ్వగలిగే స్థితి లేకపోవడం ఇంజినీర్లుగా మనకు గౌరవం కాదు. ఎం-బుక్కుల తరం కనీసం ఏ బీరువాలో ఉందో చెప్పగలిగేది.

సాఫ్ట్‌వేరు కంపెనీల గురించి ఒక హెచ్చరిక చెప్పి ముగింపుకు వస్తాను. కట్టడం ఆయుష్షు 60 ఏళ్లో, వందేళ్లో. ధవళేశ్వరంలో 1852లో కాటన్ పూర్తిచేసిన ఆనకట్ట శతాబ్దం దాటి పనిచేసింది. ఈ ఏటి రెవిట్ ఫైలును పోయిన ఏటి రెవిట్‌లోనే తెరవలేం. 2020లో జహా హదీద్ ఆర్కిటెక్ట్స్ సహా 25 సంస్థలు ధరలు, అభివృద్ధి తీరు మీద రెవిట్ తయారుచేసే ఆటోడెస్క్‌కు బహిరంగ లేఖ రాశాయి. ఒక కంపెనీ గుప్పిట్లో ఉన్న రూపంలో కట్టడం జాతకాన్ని పెట్టడం ప్రమాదమని ఆ సంస్థలకూ అర్థమైంది. ఎవరి సాఫ్ట్‌వేరైనా చదవగల ఐఎఫ్‌సీ అనే బహిరంగ రూపం ఉంది, 2013 నుంచి అది ఐఎస్ఓ ప్రమాణం. ఫిన్లాండ్ ప్రభుత్వ ఆస్తుల సంస్థ 2007లోనే దాన్ని తప్పనిసరి చేసింది. ఐఎఫ్‌సీలోకి మార్చినప్పుడు కొంత జారిపోతుందని వాడినవాళ్లందరికీ తెలుసు. అయినా టెండరు పత్రంలో ఆ ఒక్క షరతు రాయడానికి మన శాఖలకు కొత్త బడ్జెట్ అక్కర్లేదు. పాత ఎం-బుక్ నియమాలను, అంటే చెరపకూడదు, పేరు పెట్టాలి, రెండో మనిషి సరిచూడాలి అన్నవాటిని దాని పక్కన రాస్తే సగం పని అయినట్టే. విద్యార్థులు సాఫ్ట్‌వేరు నేర్చుకోవడం కన్నా ముందు ఈ మూడూ నేర్చుకోవాలని నా కోరిక. సాఫ్ట్‌వేరు ఐదేళ్లకోసారి మారుతుంది.

ఇంజినీర్లు కానివాళ్లు కూడా సభకు వచ్చారు. వాళ్లకొక మనవి. 2016 నాటి రేరా చట్టం 17వ సెక్షను ప్రకారం, నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చాక భవనానికి సంబంధించిన పత్రాలను, ప్లాన్లను నివాసుల సంఘానికి అప్పగించడం బిల్డరు బాధ్యత. స్థానిక చట్టం వేరే గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా ఇవ్వాలి. మీ సంఘం దగ్గర అవి ఉన్నాయో లేదో ఈ వారం చూడండి. లేకపోతే ఉత్తరం రాసి అడగండి: కట్టినది కట్టినట్టు చూపే స్ట్రక్చరల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ డ్రాయింగులు, కోర్ కటింగ్ చేసిన చోట్ల జాబితా, ఫైర్ పంపు లైను ప్లాను. మోడల్ చేయించి ఉంటే దాని ఐఎఫ్‌సీ ఫైలు కూడా అడగండి. వచ్చినవాటి ఒక ప్రతిని వాచ్‌మన్ గదిలో, ఫైర్ సిబ్బందికి కనబడేచోట పెట్టండి. ఆ తర్వాత ఎవరింట్లోనైనా గోడ తీసినా, బాల్కనీ మూసినా, ఆ డ్రాయింగు మీద గుర్తుపెట్టి, తేదీ వేసి, సంఘం కార్యదర్శి చేత సంతకం పెట్టించండి.